రెండు కుర్చీల మధ్య ఒక వాక్యం

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషిని చూడగానే త్రాసమ్మకి పై ప్రాణాలు పైనే పోయిన చోట మన కథ ఆగింది. వచ్చింది ఆమె తల్లి. నిజానికి రావలసింది ఈవిడ కాదు. బాధితుల సంఘం తరఫున ఒక పాత బస్సు డ్రైవరు వస్తాడన్నారు. ఆయన జ్వరంతో మంచం పట్టాడు. ఎవరో ఒకరు వెళ్ళక తప్పదు గనక, రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కుట్టుపనికి ఒక పూట సెలవు పెట్టగలిగిన ఈవిడని సంఘం వాళ్ళు పంపారు. కూతురు ఈ భవనంలోనే పనిచేస్తుందని తల్లికి తెలుసు. నదుల గురించో చెట్ల గురించో రాసుకుంటూ ఏ పై అంతస్తులోనో ఉంటుందనుకుంది. ఇంట్లో కూతురు చెప్పింది అదే మరి.

గుమ్మంలో నిలబడ్డ తల్లికి కూతురు కళ్ళతో చేసిన సైగ అందింది. ఆవిడ చేతిసంచీ సర్దుకుని, గదిలో అందరికీ కలిపి ఒక దణ్ణం పెట్టి, "సంఘం నుంచి వచ్చానండీ. డ్రైవరుగారికి ఒంట్లో బాలేదు" అంది. కూతురి వంక రెండోసారి చూడలేదు. అబద్ధం ఆడటం చేతకాదని ఇన్నాళ్ళూ తను అనుకున్న తల్లి, అంత నిబ్బరంగా పరాయిమనిషి అయిపోవడం చూసి త్రాసమ్మే తెల్లబోయింది.

ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఏ సంగతి రాసినా అటొక గింజ ఇటొక గింజ వేసి తూస్తుందని అందరూ త్రాసమ్మ అనేవారు. ఆ ఆఫీసు పని లోకంలోని సంగతులన్నీ అక్షరక్రమంలో పేర్చి కోశంగా అచ్చువేయడం. ఇప్పుడు 'క' నడుస్తోంది. కంచు అనే లోహం అయిపోయింది. కంటి జబ్బులు రావాలి. ఈ రెంటి మధ్య కంచె ఉంది. పొలం చుట్టూ వేసే కంచె గురించి ఎవరైనా రాస్తారు. నిషేధంలో ఉన్న కంచె గురించి రాయమంటేనే అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది.

కంచె అన్నది పాతపాఠం శాఖలోంచి పుట్టిన సాయుధ సంస్థ. పాతపాఠం వాళ్ళదీ కొత్తపాఠం వాళ్ళదీ ఒకే గ్రంథం. దాన్ని ఏ వరసలో చదవాలన్న దగ్గర తాతలనాడు విడిపోయారు. బయటివాళ్ళకి ఆ తేడా వివరించాలంటే తలప్రాణం తోకకి వస్తుంది. లోపలివాళ్ళు మాత్రం దాని కోసం తలలు తీశారు. కొత్తపాఠం వాళ్ళని సమావేశానికి తీసుకెళ్ళే బస్సుల మధ్య, డిపోలో, కంచె పెట్టించిన బాంబు పేలింది. చచ్చిపోయిన వాళ్ళలో త్రాసమ్మ తండ్రి ఒకడు. ఆయన ఆ డిపోకి సూపర్‌వైజరు. పాతపాఠం మనిషి. చిక్కుకున్న ప్రయాణికులను బయటికి లాగుతూ పోయాడని ఊరంతా చెప్పుకుంది. డిపో పక్కన రోడ్డుకి ఆయన పేరే పెట్టారు.

కోశంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి సంగతి రాస్తున్నామో వాళ్ళతో చుట్టరికం గానీ పగ గానీ ఉన్నవాళ్ళు కలం పట్టకూడదు. తండ్రి ఏదో ప్రమాదంలో పోయాడని చెప్పి త్రాసమ్మ ఆ కట్టుబాటు దాటేసింది. కంచె గురించి ఎంత చల్లగా రాయమన్నా రాయగలదు, రాసింది కూడా. ఆ చల్లదనం అంతటికీ ఆమె తీసుకోదలచిన కూలి ఒక్క వాక్యం. తండ్రి ఎలా పోయాడో చెప్పే వాక్యం. అది అచ్చులో పడితే చాలు, తక్కిన కోశం ఏమైపోయినా ఆమెకి బెంగలేదు.

ఈ పూట ఆ వాక్యానికి పరీక్ష. తగువున్న విషయం ఏదైనా సరే, అచ్చుకి వెళ్ళే ముందు రెండు కుర్చీల ఎదుట చదవాలి. ఒక కుర్చీలో దెబ్బ తిన్నవాళ్ళ మనిషి, రెండో కుర్చీలో కొట్టినవాళ్ళ మనిషి. రాసినవాళ్ళు గొంతు హెచ్చించకుండా చదువుతారు. అబద్ధం అనిపించిన చోట కుర్చీలోవాళ్ళు చెయ్యెత్తాలి. బాధ కలిగిందని ఎత్తకూడదు, అబద్ధమైతేనే ఎత్తాలి. ఈ పద్ధతి పెట్టింది ప్రధాన సంపాదకుడు, అందరూ పెద్దాయన అనే మనిషి. ఇద్దరికీ ఒకే వాక్యం మీద ఒళ్ళు మండితే ఆయనకి ఆ పూట భోజనం మహా రుచిగా ఉంటుంది.

రెండో కుర్చీలో మోటారు మేస్త్రి కూర్చున్నాడు. కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టడం ఇప్పుడు ఆయన వృత్తి. కంచె బతికున్న రోజుల్లో దాని ప్రకటనలు రాసేవాడు. జైల్లో శిక్ష పూర్తిచేసుకుని వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. ఆ మర్యాదే త్రాసమ్మకి గిట్టలేదు. పక్కన ఉపసంపాదకుడు అభ్యంతరాలు రాసుకోవడానికి కలం విప్పుకుని కూర్చున్నాడు. అతన్ని ఆఫీసులో బాకా అంటారు. ఏది రాసినా నాలుగు వీధులు వినబడేలా రాస్తాడు. త్రాసమ్మ చేతిలోంచి కంచె జారితే అది పడేది అతని ఒళ్ళోనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కానివ్వమ్మా" అన్నాడు పెద్దాయన.

త్రాసమ్మ చదవడం మొదలుపెట్టింది. కంచె ఎప్పుడు పుట్టింది, ఎవరు పెట్టారు, పాతపాఠం వాళ్ళ ప్రార్థనామందిరం కూల్చిన తర్వాత అందులోకి యువకులు ఎలా చేరారు, ఏయే దాడులు తనవని అది ఒప్పుకుంది, ప్రభుత్వం దాన్ని ఎందుకు నిషేధించింది. వంటకం తయారుచేసే విధానం చదువుతున్నట్టే చదివింది. తల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది.

మేస్త్రి మొదట చెయ్యెత్తాడు. "బెదిరించి చందాలు వసూలు చేశారని రాశారు. ఇష్టపడి ఇచ్చినవాళ్ళూ ఉన్నారండీ."

"ఇష్టపడి ఇచ్చినవాళ్ళని నేనూ చూశానండీ" అంది తల్లి, ఆయన వైపు తిరక్కుండానే. "ఇచ్చేసి తలుపు గడియ పెట్టుకుని ఏడ్చేవాళ్ళు."

"రెండూ పెట్టు" అన్నాడు పెద్దాయన ఉత్సాహంగా. బాకా మొహం మాడ్చుకుని రాసుకున్నాడు. తర్వాత పెద్దాయనే తల్లిని అడిగాడు. "హంతకులు అన్న మాట ఎక్కడా వాడలేదమ్మా. మీకేమైనా అభ్యంతరమా?"

"ఎవరిని చంపారో రాశారు కదండీ. అది చదివాక కూడా చదివినవాళ్ళకి ఆ మాట తట్టకపోతే, మీరు రాసిపెట్టి మాత్రం ఏం లాభం?"

కూతురికి గర్వంగా అనిపించింది. ఈవిడ మా అమ్మ అని చెప్పుకోవాలనిపించింది. ఆ కోరికని మింగేసి పేజీ తిప్పింది. డిపో సంగతి వచ్చింది. గొంతు మారకుండా ఉండటానికి కాలి వేళ్ళు చెప్పుల్లో బిగించుకుని చదివింది. 

"పాతపాఠానికి చెందిన డిపో సూపర్‌వైజరు, బస్సులో చిక్కుకున్న ప్రయాణికులను బయటికి లాగుతూ మరణించాడు."

తల్లి చెయ్యెత్తింది.

త్రాసమ్మ తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది కూడా. పెద్దాయన "ఆగాగు" అన్నాక గానీ చూసుకోలేదు.

"ఇది నిజం కాదండీ" అంది తల్లి.

"ఏది కాదు? ఆయన పాతపాఠం మనిషి కాదా?"

"అది నిజమే. బయటికి లాగడం నిజం కాదు."

బాకా కలం టక్కున లేచింది. త్రాసమ్మ ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేసింది. కుర్చీలో మనిషితో వాదానికి దిగింది. "రెండు పత్రికల్లో వచ్చిందండీ. ఒకదానికొకటి సంబంధం లేని పత్రికలు. చూసే రాశాను."

"చూసే రాసుంటారండీ" అంది తల్లి. కూతుర్ని 'మీరు' అనడంలో ఎక్కడా తడబడలేదు. "ఆ పత్రికలవాళ్ళకి ఎవరు చెప్పారో కనుక్కున్నారా?"

కనుక్కోవలసిన అవసరం త్రాసమ్మకి లేదు. ఆసుపత్రి వరండాలో తన ఎదుట గొంతుక్కూర్చుని, బుజ్జగిస్తూ అడిగిన విలేకరి ఆమెకి గుర్తున్నాడు. ఇంటికొచ్చి అడిగిన రెండో అతను కూడా గుర్తున్నాడు. ఇద్దరికీ చెప్పింది తనే. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఎవరైనా రెండు ఆధారాలు తెచ్చి చూపిస్తే, "బిందెలు రెండు తెచ్చావు, బావి ఒకటే కదా నాయనా" అని ఎగతాళి చేసే మనిషి ఆమె. ఆ మాట అనని రోజు లేదు. అయినా ఈ రెండు బిందెలనీ చూసుకున్నప్పుడు బావి ఎక్కడుందో ఆమెకి తోచనే లేదు. రెండు పత్రికల తేదీలూ పేర్లూ సరిచూసుకుని తృప్తిపడింది.

"మా అమ్మాయి చెప్పిందండీ" అంది తల్లి, కూతురి మొహంలోకి చూస్తూ. "దానికి అప్పుడు పద్నాలుగేళ్ళు. దానికి చెప్పింది నేను."

"పిల్ల అడిగిందండీ, నాన్న ఎలా పోయాడని. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎవరినో లాగుతూ పోయాడన్నాను. తన కడుపులోనే దాచుకుంటుందిలే అనుకున్నాను గానీ పేపర్లకి ఎక్కుతుందనుకోలేదు. ఎక్కాక ఇంక ఎలా వెనక్కి తీసుకోనూ? సంఘంలో అందరూ కొత్తపాఠం వాళ్ళే. మొగుళ్ళనీ పిల్లల్నీ పోగొట్టుకున్న వాళ్ళు. మీ ఆయన మా వాళ్ళ కోసం ప్రాణం ఇచ్చాడని నా చేతులు పట్టుకుంటారు. నేను పట్టుకోనిస్తాను. ఇన్నాళ్ళూ అది నోటిమాటండీ. మీరు పుస్తకంలో వేస్తే ఇంక పోదు."

"మరి నిజం ఏమిటమ్మా?" పెద్దాయన గొంతు తగ్గించాడు.

"మా ఆయన వాళ్ళ మనిషేనండీ. ముందు రోజు సాయంత్రం ఎవరో వచ్చి మెట్ల మీద మాట్లాడి వెళ్ళారు. ఆయన అన్నం ముట్టలేదు. పొద్దున్నే పక్క గేటు తీయాలన్నాడు. అది ఎప్పుడూ తాళం వేసుండే గేటు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. డ్యూటీ లేదు కదా అన్నాను. పడుకో అన్నాడు. బాంబు తెచ్చిన బండి ఆ గేటులోంచే వెళ్ళిందని తర్వాత పోలీసులు చెప్పుకుంటుంటే విన్నాను. ఎవరు తీశారో వాళ్ళకి తెలీలేదు. నాకు తెలుసు."

త్రాసమ్మకి ఏడుపు రాలేదు. ముందుగా వచ్చింది కోపం. చచ్చిపోయిన తండ్రి మీద కాదు, ఎదురుగా కూర్చుని తనని 'మీరు' అంటున్న తల్లి మీద. ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తింటూ ఇన్నేళ్ళు తనకి చెప్పని సంగతి, పరాయివాళ్ళ ఎదుట, అందులోనూ కంచె మనిషి పక్కన కూర్చుని చెప్పింది. తను పట్టుకుని పెరిగిన తండ్రిని ఒక్క ముక్కలో లాగేసుకుంది. కాగితాలు విసిరికొట్టి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్తే చుట్టరికం బయటపడుతుంది. అందుకని కదలకుండా నిలబడింది.

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఒక్కరి మాట మీద రాయలేమమ్మా. మీరు భార్య అయినా సరే." ఆయన రెండో కుర్చీ వైపు తిరిగాడు. "మీకేమైనా తెలుసా?"

మేస్త్రి తన గోళ్ళు చూసుకున్నాడు. తీగ కోసిన గీతలు వేళ్ళ నిండా ఉన్నాయి.

"గేటు తీశాడు. అది నిజమే" అన్నాడు. "మా మనిషి మాత్రం కాదు. ఈవిడకి తెలీదు. మొదటిసారి అడిగితే మెడ పట్టుకుని గెంటినంత పని చేశాడు. రెండోసారి గ్రంథం మీద ఒట్టుపెట్టి అడిగినా వినలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు, ఆయన కూతురు బడికి వెళ్ళే దారి చెప్పాం. ఇంకేమీ చెప్పలేదు. దారి చెప్పి ఊరుకున్నాం."

"ఏ దారి?" అన్నాడు బాకా, రాసుకోవడం మర్చిపోయి.

"ఇంటి పక్కన అచ్చాఫీసు. అది దాటాక ఇస్త్రీ కొట్టు. అక్కణ్ణించి పెద్దరోడ్డు మీదికి పోకుండా, పాలకేంద్రం వెనక సందులో దూరేది. ఆ సందులో ఒక గోడ మీద పిల్లి ఉండేది. కాసేపు నిలబడి తన డబ్బాలోది కొంచెం దానికి పెట్టి వెళ్ళేది."

"కాదండీ" అంది తల్లి. ఆవిడ గొంతులో మొదటిసారి బెదురు వినిపించింది. "అది పెద్దరోడ్డు మీదుగానే వెళ్ళేది. సందుల్లోకి పోవద్దని నేను గట్టిగా చెప్పాను. మా పిల్ల నా మాట దాటదు. ఈయన కల్పించి చెప్తున్నాడు."

పెద్దాయన నిట్టూర్చాడు. ఇలాంటివి ఆయనకి కొత్త కాదు. పేజీ తన వైపు లాక్కుని, త్రాసమ్మ రాసిన వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "బయటికి లాగడం పోయింది. గేటు తీయడం ఇద్దరూ చెప్పారు, పైగా ఇద్దరికీ పొత్తు లేదు. అది పడుతుంది. ఎందుకు తీశాడన్నది ఈయన ఒక్కడి మాట, ఆవిడ కాదంటోంది. అది పడదు." బాకాకి చెప్పి రాయించాడు. "డిపో సూపర్‌వైజరు పక్క గేటు తీసి బాంబున్న బండిని లోపలికి రానిచ్చాడు. అంతే. ఫుల్‌స్టాప్ పెట్టు."

తప్పేమీ లేని వాక్యం. త్రాసమ్మ అయినా అలాగే రాసేది. ఇంకెవరి తండ్రో అయితే మరో మాట చేర్చడానికి ససేమిరా అనేది. ఆ వాక్యం అచ్చయితే రోడ్డు పేరు మారుస్తారు. సంఘంలో తల్లి చేతులు పట్టుకునే చేతులు ఉండవు. అయినా తన ఉద్యోగం తనకి ఉంటుంది, కంచె తన కలం కిందే ఉంటుంది, ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు.

బాకా రాసింది ఒకసారి పైకి చదివాడు, తన అలవాటు ప్రకారం నాలుగు వీధులు వినబడేలా. ఆ గొంతులో తండ్రిని వినేసరికి ఆమె వల్ల కాలేదు.

"సందులోంచే వెళ్ళేదాన్ని" అంది.

పెద్దాయనకి అర్థం కాలేదు. "ఏమిటమ్మా?"

"నేను సందులోంచే వెళ్ళేదాన్నండీ. అమ్మకి చెప్పలేదు. పిల్లి తెల్లది, ఒక చెవి చిరిగి ఉండేది. పిల్లికి పెట్టే సంగతి నేను ఎవరితోనూ అనలేదు, నాన్నతో కూడా. ఈయన చెప్పింది నిజం. దీనికి రెండో ఆధారం నేను. సూపర్‌వైజరు కూతుర్ని."

తల్లి కళ్ళు మూసుకుంది. పెద్దాయన కూతుర్ని, తల్లిని, మళ్ళీ కూతుర్ని చూశాడు. ఇద్దరి ముక్కూ గడ్డమూ ఒకటేనని ఇప్పుడు కనిపించింది కాబోలు. కోప్పడలేదు. కాగితాల కోసం చెయ్యి మాత్రం చాపాడు. కట్టుబాటు కట్టుబాటే.

"ఇస్తానండీ" అంది త్రాసమ్మ. కాగితాల మీద చెయ్యి అలాగే ఉంచి రెండో కుర్చీ వైపు తిరిగింది. పొద్దుట్నుంచీ ఒకే మట్టంలో ఉన్న గొంతు ఇప్పుడు వణికింది, ఆమె దాచుకోలేదు. "పిల్లిని చూడాలంటే సందులోకి రావాలి. డబ్బా తెరవడం చూడాలంటే బాగా దగ్గరికి రావాలి. ఆ రోజుల్లో నా వెనకాల నడిచింది ఎవరు?"

మేస్త్రి పక్క కుర్చీలోంచి, ఇంతసేపటికి, తల్లి కూతుర్ని కూతురిలా పిలిచింది.

"ఈయనేనే, అమ్మడూ. ఆ సాయంత్రం మెట్ల మీద నిలబడ్డదీ ఈయనే. గదిలోకి రాగానే గుర్తుపట్టాను."

మోటారు మేస్త్రి కాదనలేదు.